ఎడమ సీటు మీద మిరపకాయలు

మా తమ్ముడు బాపయ్య కొన్న కారులో ముందు వైపు ఎడమ సీటు చల్లారేది కాదు.

వాడికి చిలకలూరిపేటలో పత్తి జిన్నింగ్ మిల్లు ఉంది. మద్రాసులో ఎవరో దొర దేశం వదిలి వెళ్ళిపోతూ కారు అమ్మేస్తుంటే, రెండువేల ఎనిమిదిలో వీడు వెళ్ళి కొనుక్కొచ్చాడు. అది కాసేపు పెట్రోలు మీద, కాసేపు బ్యాటరీ మీద నడుస్తుంది. మంచు కురిసే దేశం కోసం చేసిన కారు కాబట్టి ముందు సీట్లలో వేడెక్కే తీగలు పెట్టారు. కుడి సీటు తీగలు మీట నొక్కితే ఆగాయి. ఎడమ సీటువి ఆగలేదు. బండి తాళం తిప్పితే చాలు, సీటు రాజుకునేది.

గుంటూరులో బుడే అనే మెకానిక్‌కి చూపించాడు. తీగ కత్తిరిస్తే గుద్దుకుంటే ఉబ్బడానికి సీటు పక్కన పెట్టిన గాలిసంచీ పేలినా పేలొచ్చు, నా పూచీ లేదన్నాడు బుడే. దాంతో తీగ అలాగే ఉండిపోయింది. ఆ వేసవిలో బ్యాంకు మేనేజరుగారు మర్యాదకి కాదనలేక ఆ సీటులో గుంటూరు దాకా వెళ్ళి, దారి పొడుగునా పైనున్న పిడి పట్టుకుని వేలాడుతూనే మాట్లాడారు. మా మరదలు సుబ్బరావమ్మ అయితే, "నేను గారెని కాదు, వేగడానికి" అని బస్సులోనే తిరిగేది.

నేను వాళ్ళతోనే, మిల్లు వెనక ఇంట్లో ఉంటాను. నా సంగతి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. ఎవరైనా ప్రయాణమైతే ముందు రోజు నుంచే వాళ్ళ సంచులు విప్పి మళ్ళీ మళ్ళీ సర్దుతుంటాను. మా పెద్దక్క కనకలక్ష్మి పోయాక ఇది మరీ ఎక్కువైంది.

పెద్దక్కది అద్దంకి దగ్గర ఊరు. వాళ్ళ దొడ్లో ఒక రకం మిరప ఉండేది. కాయ పొట్టిది, ముడతలు పడి చూపుకి ఏమీ బాగుండదు. పచ్చడి పెడితే మాత్రం ఏడాది తిరిగినా ఎర్రగానే ఉండేది. ఆవిడ పోయాక పొలమూ దొడ్డీ చేతులు మారాయి, కొన్నవాళ్ళు అక్కడ ఇటుకల బట్టీ పెట్టారు. ఆ మిరప ఇక మా ఇంటి వెనక నాలుగు మడుల్లోనే మిగిలింది. మిరప విత్తనం పాతబడితే మొలక తగ్గిపోతుంది. అందుకని ఏటా వేసి, ఏటా కాయ ఎండబెట్టి విత్తనం తీసేదాన్ని. వేరే ఎవరూ ఆ విత్తనం దాచలేదు.

ఆ మాఘమాసంలో ఉన్న కాయంతా కోసి డాబా మీద పోసిన మర్నాడు వాన పట్టుకుంది. మాఘంలో వానేమిటి! పరదా కప్పాం. పరదా కింద ఉమ్మదీసి కాయలు మెత్తబడ్డాయి. లోపలికి తెచ్చి ఫ్యాను కింద పోస్తే కరెంటు పోయింది. పొయ్యి పక్కన పెడదామంటే సెగకి విత్తనం చచ్చిపోతుంది. నాలుగో రోజుకి తొడిమల దగ్గర తెల్లగా నూగు కనిపించింది. బూజు.

 పెద్దక్కది ఈ భూమ్మీద ఇంకా పెరుగుతున్నది ఆ మిరప ఒక్కటే. అదీ పోతే ఇక లేదు.

అప్పుడు వాకిట్లో ఉన్న కారు కనిపించింది. బాపయ్య అప్పుడే బజారు నుంచి వచ్చాడు. వెళ్ళి ఎడమ సీటు మీద అరచెయ్యి పెట్టాను. పొద్దున తొమ్మిదింటి ఎండకి కల్లం నేల ఎంత వెచ్చగా ఉంటుందో అంత ఉంది.

"ఒరేయ్ బాపయ్యా, తాళం ఇలా ఇవ్వరా."

"ఎందుకే అక్కా?"

"కాయలు ఆరబోయాలి."

"కారులోనా? నేనది కూర్చోడానికి కొన్నానే తల్లీ!"

"ఎవడు కూర్చున్నాడురా దాన్లో ఇప్పటిదాకా?"

సుబ్బరావమ్మ వంటింట్లో నుంచి, "అదీ, బాగా అడిగారు వదినా" అంది.

బాపయ్య మొహం చిట్లించి, లోపలికెళ్ళి కాయలు చేతిలోకి తీసుకున్నాడు. బూజు చూశాడు. చిన్నప్పుడు వాణ్ణి ఎత్తుకు మోసింది పెద్దక్కే. వెళ్ళి పాత పంచె తెచ్చి సీటు మీద పరిచాడు.

కాయలు పోసి తలుపులు వేసి తాళం తిప్పాం. బాపయ్య ఉత్సాహంగా వేడిగాలి మీట కూడా నొక్కాడు. కాసేపు బాగానే వీచింది. ఇంతలో ఇంజను తనంతట తనే ఆగిపోయింది. బండి నిలబడి ఉంటే పెట్రోలు దండగని దాని ఆలోచనట. ఇంజను ఆగేసరికి గాలి చల్లబడింది. కాయల్లోని తడి అంతా అద్దాలకి పట్టి, లోపల చినుకులు కారసాగాయి. డాబా మీద కంటే కారులోనే ఎక్కువ వాన.

"ఇది నడుస్తుంటేనే వేడిగాలి ఇస్తుందే. అద్దాలు కాస్త దించి, ఆపకుండా నడిపితే ఆరతాయి" అన్నాడు బాపయ్య.

"ఎక్కడికి నడుపుతావురా?"

"ఎక్కడికైతే ఏం? హైవే ఎక్కి సింగరాయకొండ దాకా పోయి స్వామికి దణ్ణం పెట్టుకుని వద్దాం."

అలా బయల్దేరాం. మిరపకాయలు ముందు సీట్లో, నేను వెనక.

రోడ్డెక్కగానే కారు కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. సీటు మీద బరువుంది, బెల్టు పెట్టుకోలేదని. ఎంతకీ మానలేదు. బాపయ్య విసుగొచ్చి మిరపకాయల మీదుగా బెల్టు లాగి బిగించాడు. అప్పుడు ఊరుకుంది. మార్టూరు వచ్చేసరికి వేడిగాలికి ఘాటు లేచింది. వాడు తుమ్మడం, నేను దగ్గడం. ఇద్దరం తడిగుడ్డలు మూతికి కట్టుకున్నాం.

టోలుగేటు దగ్గర ఆగాల్సొచ్చింది. అక్కడ పనిచేసే ఇమ్మానియేలు అనే అబ్బాయికి బాపయ్య తెలుసు. చీటీ ఇవ్వబోతూ లోపలికి తొంగి చూశాడు.

"బాపయ్యగారూ, ముందు సీట్లో ఎవరండీ?"

"మా అక్కయ్య మిరపకాయలు."

"బెల్టెందుకండీ?"

"పెట్టకపోతే ఏడుస్తున్నాయి."

ఇమ్మానియేలు నవ్వబోయి తుమ్మాడు. పక్క గేటులో వాడూ తుమ్మాడు. ఇంతలో ఇంజను ఆగిపోయి చల్లగాలి మొదలైంది. "తొందరగా గేటెత్తు బాబూ, ఆరిపోతున్న కాయలు మళ్ళీ తడిసిపోతాయి" అని నేను వెనక నుంచి అరిచాను. ఆ అబ్బాయి ముక్కు మూసుకుని గేటెత్తేశాడు.

ఒంగోలు దాటేదాకా బాగానే జరిగింది. మధ్యమధ్య ముందుకి వంగి కాయలు తిరగేస్తూ వచ్చాను. తొక్క గలగలమనడం మొదలైంది. ఇక గట్టెక్కామనుకున్నాను. టంగుటూరుకి ఇవతల ముందు బళ్ళన్నీ ఆగిపోయాయి. పత్తి బేళ్ళ లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా పడిందట. వెనక కూడా బళ్ళు చేరాయి. కదలడానికి లేదు.

మా ఇంజను ఆగింది. గాలి చల్లబడింది. కాసేపటికి స్టీరింగు ముందున్న చిన్న తెర మీద బ్యాటరీ ఎర్రబొమ్మ వెలిగి, సీటు కూడా చల్లారింది. కారు కొన్న దగ్గర్నుంచీ ఎవరెన్ని విధాల ఆపినా ఆగని సీటు, మాకు కావాల్సినప్పుడు చల్లారిపోయింది.

"బ్యాటరీ ముసలిదయిపోయిందే అక్కా" అన్నాడు బాపయ్య, స్టీరింగు మీద కొడుతూ.

"ముసలిదైతే ఏం, నేను పనిచెయ్యట్లేదా? నొక్కు ఇంకోసారి!"

పైన మబ్బు పట్టింది. సముద్రం వైపు నుంచి తేమగాలి. నేను దిగి, చీర కొంగులో కాయలు పోసుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక రోడ్డు మీద నిలబడ్డాను.

మా పక్కనే ఒక పాత లారీ ఆగి ఉంది. దాన్ని నడిపే పెద్దాయన కిటికీ నుంచి చూస్తున్నాడు.

"ఏం తల్లీ, కారులో జాగా చాల్లేదా?"

నేను ఏడుపు గొంతుతో సంగతంతా చెప్పాను. ఆయన ఎగాదిగా చూసి, "వేడి కావాలా? వేడి! ముప్ఫై ఏళ్ళుగా ఈ ఇంజను పక్కన కూర్చుని నా ఎడమ కాలు కాలిపోతోంది. నాకొద్దీ వేడి, మీరు తీసుకోండి" అన్నాడు.

పాత లారీల్లో ఇంజను క్యాబిను మధ్యలోనే, పెట్టెలో ఉంటుంది. పైన గోనె కప్పి ఉంది. లారీ ఎక్కి చెయ్యి పెడితే హాయిగా వెచ్చగా ఉంది. ఆయన పేరు హుస్సేన్ సాహెబ్, ఊరు కావలి. కాయలు అందుకోడానికి చెయ్యి చాచాడు. మిరపకాయలు చేతిలోంచి చేతికి ఇస్తే తగవులొస్తాయి, ఇవ్వను. "ఆ తువ్వాలు పరవండి, పోస్తాను" అన్నాను.

"అవును, మనిద్దరికీ తగువెందుకు" అని నవ్వి తువ్వాలు పరిచాడు.

కాయలు పోసి, బాపయ్యకి చెబుదామని కిందికి దిగాను. సరిగ్గా అప్పుడే ముందు బళ్ళు కదిలాయి. వెనక నుంచి హారన్లు. ఎవడో అరిచాడు, హుస్సేన్ సాహెబ్ లారీ కదిలించాడు. నేను చెయ్యెత్తి కేకేస్తున్నాను. ఇంజను మోతలో ఆయనకేం వినబడుతుంది? లారీ వెళ్ళిపోతోంది. లోపల పెద్దక్క మిరపకాయలు అన్నీ. నా దగ్గర కొంగుకి అంటుకున్న ఒక్క తొడిమ మిగిలింది.

"ఎక్కవే!" అని బాపయ్య అరిచాడు. ఎక్కి కూర్చున్నాను, ముందు సీట్లోనే.

మా కారు బ్యాటరీలో మిగిలిన కాస్త బలం మీదే కదిలింది కనక చప్పుడే లేదు. ముందు నడిచేవాళ్ళకి వెనక బండి ఉందని తెలియదు, పక్కకి జరగరు. బాపయ్య హారన్ కొడితే ఉలిక్కిపడి తిడుతున్నారు. లారీ దూరమైపోయింది. నేను ఏడుస్తున్నాను. కాసేపటికి పెట్రోలు ఇంజను అందుకుంది. దాంతో సీటూ రాజుకుంది. కింద కాలుతోంది, పైన కళ్ళు కారుతున్నాయి.

"వెనక్కి వెళ్ళి కూర్చోవే!"

"ఆపకు! కాలనీ!"

సింగరాయకొండ అడ్డరోడ్డు దగ్గర లారీ ఆగి ఉంది. హుస్సేన్ సాహెబ్ కిందికి దిగి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. మేం ఆగకముందే, "ఎంతసేపమ్మా! కాయలకి కాపలా కాయలేక చస్తున్నా" అని అరిచాడు. తుమ్మాడు.

కాయలు చూశాను. కరకరలాడుతున్నాయి. ఊపితే లోపల గింజ గలగలమంది. ఆయన లారీకి దణ్ణం పెట్టాను. ఆయన మొహమాటపడుతూ, "రెండు అన్నంలో నంజుకున్నానమ్మా. బాగున్నాయి. మా ఆవిడ నజీరాకి ఒక గుప్పెడు ఇస్తారా? దొడ్లో వేస్తుంది" అన్నాడు.

నాకు ప్రాణం ఒప్పలేదు. ఉన్నవే కాసిని. కానీ కాదనే ముఖం ఎక్కడుంది? ఎంచి ఎంచి, కాస్త చిన్నవి చూసి తువ్వాలులో పోశాను. బాపయ్య ఆయన ఫోను నంబరు తీసుకున్నాడు. లారీ కావలి వైపు వెళ్ళింది, మేం గుడికి వెళ్ళి దణ్ణం పెట్టుకుని ఇంటి దారి పట్టాం.

 చాలా దూరం వచ్చాక బాపయ్య, "ఆ డొక్కు లారీ ఆరబెడితే, నా కారు ఆరబెట్టలేదంటావా?" అన్నాడు.

"నేనేమన్నానురా?"

"అనక్కర్లేదు. లోపల ఇంకాస్త తేమ ఉంటుంది. చూడు, ఇంటికెళ్ళేలోపు ఎలా చేస్తానో!"

తేమ మాట వింటే నాకూ భయమే. సరేనన్నాను. సీటు మీద కాయలు, వేడిగాలి పూర్తిగా. రోడ్డు ఖాళీ, కారు ఎక్కడా ఆగలేదు. పేటకి వచ్చేసరికి సీటు మీద పంచె గోధుమరంగుకి తిరిగింది. కాయలు నల్లబడ్డాయి. సుబ్బరావమ్మ ఒకటి తుంచి వాసన చూసి, "తాలింపు వేసుకొచ్చారా?" అంది.

ఆ ఆషాఢంలో గింజలు మడిలో చల్లాను. నీళ్ళు పెట్టాను. పిచ్చిమొక్కలు మొలిచాయి. మిరప మొలవలేదు. ఒక్కటి కూడా. నేను రోజూ వెళ్ళి మట్టి వేలితో కదిపి చూసేదాన్ని. బాపయ్య అటు వైపే రావడం మానేశాడు. ఒకరోజు తనే ఫోను తెచ్చి, చెవి దగ్గర పెట్టుకుని, "హుస్సేన్ సాహెబ్‌గారాండీ? మీ ఆవిడ మిరప వేసిందా?" అని అడిగాడు. అవతలి మాట విని నా వైపు తిరిగాడు. "రమ్మంటున్నారు" అన్నాడు.

మర్నాడే కావలి వెళ్ళాం. హుస్సేన్ సాహెబ్ లారీ మీద వెళ్ళాడట, లేడు. కాయలు సీటు మీద మాడిన సంగతంతా విని, నజీరా మమ్మల్ని దొడ్లోకి తీసుకెళ్ళింది. బియ్యం బస్తాలు కత్తిరించి పరిచి, మట్టి పోసిన మడిలో నారు పచ్చగా నిలబడి ఉంది. నేను అక్కడే కూలబడ్డాను. ఆకు పట్టుకు చూస్తే పెద్దక్క దొడ్డి ఆకే, అంచు కాస్త ముడుచుకుని.

తట్ట తెచ్చుకున్నాను. పీకడం మొదలుపెట్టాను. సగానికి వచ్చేసరికి నజీరా నా చెయ్యి పట్టుకుంది.

"చాలమ్మా. ఇవి ఇక్కడే ఉంటాయి."

"నేను బాగా చూసుకుంటానమ్మా. అన్నీ ఇచ్చెయ్యి. కాయ కాశాక నీకు నేనే పంపిస్తాను."

"అన్నీ పట్టుకుపోతే, మీ తమ్ముడు మళ్ళీ ఆ సీటు మీద పెట్టడని నమ్మకమేమిటి?"

బాపయ్య గోడ వైపు తిరిగి దగ్గాడు. నేను తట్ట వైపు చూశాను, మడి వైపు చూశాను. చెయ్యి వెనక్కి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"సాయంత్రం నీళ్ళు పోస్తావా?"

"పోస్తానమ్మా."

"మధ్యాహ్నం ఎండలో పొయ్యకు."

"పొయ్యను."

"మేకలు రావుగా?"

"తడిక కట్టిస్తాను. మీకు దిగులైతే వచ్చి చూసుకోండి, ఎంత దూరం? లేదా ఫోను చెయ్యండి, ఆకులు ఎన్ని వచ్చాయో చెప్తాను."

"నిజంగా చెప్తావా?"

"చెప్తాను. ముందు కారెక్కండి, ఆ నారు వాడిపోతోంది."