చాంద్రి చెవులకు కుదిరిన వాల్వు

ధన్‌సింగ్‌ను బాన్సువాడలో అందరూ సింగ్ సాబ్ అనేవారు. మిలిటరీలో పన్నెండేళ్లు వైర్‌లెస్ సెట్ల మీద పనిచేసి వచ్చాడు. హిందీ సాఫుగా మాట్లాడతాడు. బస్టాండు దగ్గర గది కిరాయికి తీసుకుని రేడియో రిపేరు దుకాణం పెట్టిన కొత్తలో, పక్కనున్న కిరాణం సేటు “మీది రాజస్థానా సాబ్?” అని అడిగాడు. ధన్‌సింగ్ అవుననలేదు, కాదనలేదు. నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వుతోనే అతను రాజస్థాన్ సింగ్ అయిపోయాడు.

నిజానికి అతను పుట్టింది కోటగిరి తోవలో, ఏడెనిమిది మైళ్ల దూరంలో ఉన్న లంబాడా తండాలో. తల్లి చాంద్రి ఇంకా అక్కడే ఉండేది. ఆదివారం ఆదివారం సైకిల్ మీద వెళ్లి చూసి వచ్చేవాడు. దుకాణానికి మాత్రం రావద్దని చెప్పాడు. ఎందుకని ఆమె అడగలేదు. నాలుగైదేళ్లుగా ఆమెకు వినికిడి తగ్గిపోయింది. ధన్‌సింగ్ వెళ్లినప్పుడల్లా పెద్ద గొంతుతో రెండు మాటలు అరిచి, జొన్నరొట్టె తిని, చీకటి పడకముందే తిరుగు ముఖం పట్టేవాడు.

డెబ్బైమూడు ఎండాకాలంలో వర్ని నుంచి బసవపున్నయ్య అనే రైతు దుకాణానికి వచ్చాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్న కుటుంబం వాళ్లది. టైఫాయిడ్ వచ్చి తగ్గాక ఆయన భార్య సావిత్రమ్మకు చెవులు సరిగా వినపడటం లేదట. హైదరాబాదులో కొన్న మిషను గరగరమంటోందే తప్ప మాట తెలియడం లేదట. మిలిటరీలో చెవులకు పెట్టుకుని వింటారు కదా, అలాంటిదేమైనా చేయగలరా అని ఆయన అడిగాడు.

ఆ మాట ధన్‌సింగ్‌కు తలకెక్కింది. సికింద్రాబాద్ పాత సామాన్ల బజారులో మిలిటరీ హెడ్‌ఫోన్ల జత ఒకటి వెతికి కొన్నాడు. చిన్న మైకు, శబ్దాన్ని పెంచే గాజుబుడ్డి వాల్వులు రెండు, ఒక ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి చెక్కపెట్టెలో ఆంప్లిఫయర్ కట్టాడు. మైకులో మాట్లాడితే హెడ్‌ఫోన్లలో పెద్దగా వినపడాలి. చివరన ఏ వాల్వు పెట్టాలన్నది అతనికి సందేహమే కాలేదు. వినపడని మనిషికి ఎంత పెద్దగా వినపడితే అంత మంచిది కదా అని, లౌడ్‌స్పీకర్లలో వాడే పెద్ద వాల్వు పెట్టాడు. తన చెవులకు పెట్టుకుని చూస్తే శబ్దం గంభీరంగా, నిండుగా ఉంది.

ఆదివారం వర్ని వెళ్లి దాన్ని సావిత్రమ్మకు తొడిగి, మైకులో పలకరించాడు. ఆమె నొప్పితో కళ్లు మూసుకుంది. హెడ్‌ఫోన్లు తీసి నెమ్మదిగా చెప్పింది.

“చప్పుడు వస్తోంది సింగ్ గారూ, అక్షరం రావడం లేదు. పాలు అన్నారో, కాలు అన్నారో, తాలు అన్నారో నాకు తెలియదు. గట్టిగా అరిచినా అంతే. గోడ అవతల ఎవరో తిడుతున్నట్టుంటుంది.”

అప్పటిదాకా ధన్‌సింగ్ చెవుడంటే శబ్దం తగ్గిపోవడమే అనుకున్నాడు. ఆ రోజు నుంచి పని మొదటికి వచ్చింది. పెద్ద వాల్వు తీసేసి, పాత రేడియోల్లోంచి చిన్నవి ఏరాడు. ఒక్కొక్కటీ పెట్టి పెన్సిల్‌తో మెల్లగా కొట్టి చూసేవాడు. కొన్ని గిన్నెలా మోగేవి, వాటిని పక్కన పెట్టేవాడు. కొన్నిటిలో కరెంటు గుయ్‌మనే మోత వినపడేది. నెమ్మదిగా, శుభ్రంగా పలికేది ఒకటి దొరికింది. తరువాత కండెన్సర్లు మార్చి, మాటలోని బరువు తగ్గించి, అక్షరం మొన తేలేలా చేశాడు. తన చెవికి అది పలచగా, రేకు మీద గీకినట్టు ఉండేది. సావిత్రమ్మకు మాత్రం వారం వారం మాట తెలిసివచ్చేది.

ఇందుకు ఏడు ఆదివారాలు పట్టాయి. ఆ ఏడు వారాలూ అతను తండాకు పోలేదు.

ఎనిమిదో వారం, మంగళవారం పొద్దున, బసవపున్నయ్య దంపతులు పెట్టె తీసుకుపోవడానికి దుకాణానికి వచ్చారు. చివరిసారి సరిచూద్దామని ధన్‌సింగ్ సావిత్రమ్మకు హెడ్‌ఫోన్లు పెట్టాడు. మైకు పట్టుకుని తాలు, పాలు, కాలు అని మెల్లగా అన్నాడు. ఆమె మూడూ సరిగా తిప్పి చెప్పింది. బసవపున్నయ్య మైకు తీసుకుని ఆమెను పేరుపెట్టి పిలిచాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

అదే సమయానికి గడపలో చాంద్రి కనిపించింది.

అద్దాల రైక, మోచేతుల పైదాకా గాజులు, దుమ్ముపట్టిన కాళ్లు. ఆమె చేతిలో ఉన్న కాగితం ముందుకు చాపి, తండా మాటలో ఏదో చెప్పబోయింది. బసవపున్నయ్య ఎవరన్నట్టు చూశాడు.

“ఎవరో తండా ముసలామె. రేడియో సెల్లుల కోసం తిరుగుతుంది,” అన్నాడు ధన్‌సింగ్. తల్లి దిక్కు తిరిగి గొంతు పెంచాడు. “సెల్లులు లెవ్వు ముసల్దానా. రేపు రా, పో.”

చాంద్రి ఒక్క ఘడియ అతని ముఖంలోకి చూసింది. తరువాత కాగితాన్ని మడిచి రైకలో పెట్టుకుని, మెట్టు దిగి వెళ్లిపోయింది.

సావిత్రమ్మ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది. “ఆవిడ సెల్లులు అడగలేదు. చేతిలో ఆస్పత్రి చీటీ ఉంది,” అంది. “మీ వాళ్లా?” అని అడిగింది.

“కాదమ్మా,” అన్నాడు ధన్‌సింగ్.

చెవులు పోయినప్పటి నుంచి మనుషుల ముఖాలు చూసే అర్థం చేసుకుంటున్న మనిషి ఆమె. చూపు దించుకుంది. తను చెప్పిన అబద్ధానికి ఆమె సిగ్గుపడుతోందని ధన్‌సింగ్‌కు తెలిసిపోయింది. బసవపున్నయ్య ఎంతివ్వాలని అడిగితే, తరువాత చూద్దామని వాళ్లను పంపించేశాడు.

మధ్యాహ్నం కాకముందే షట్టర్ దించాడు. దవాఖానలో వెతికాడు, బస్టాండులో వెతికాడు. తల్లి కనపడలేదు. సైకిల్ ఎక్కి తండాకు వెళ్లేసరికి ఆమె గుడిసె ముందు కూర్చుని పల్లీలు ఒలుస్తోంది. అతన్ని చూసి లేచి, చెంబుతో నీళ్లు తెచ్చింది.

చీటీ అడిగి తీసుకుని చదివాడు. చెవిలో చీము పట్టిందని, మందు వేసుకుని వారానికి మళ్లీ రావాలని, ఇంట్లోవాళ్లను ఒకరిని వెంట తెచ్చుకోవాలని రాసి ఉంది. డాక్టరు చెప్పింది ఆమెకు ఒక్క ముక్కా తెలియలేదు. కొడుకు చదివి చెబుతాడని దుకాణానికి వచ్చింది, అంతే.

ధన్‌సింగ్ అలవాటుగా అరిచి చెప్పబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టి తండా మాటలో అంది.

“అరవకు బిడ్డా. నువ్వు అరిస్తే నాకు సగమే ఇనబడ్తది. పొద్దుగాల గూడ సగమే ఇనబడ్డది. ముసల్దానా అన్నది, పో అన్నది. నడుమ ఏమన్నవో తెల్వదు.”

నడుమ ఏమన్నాడో అతను చెప్పలేకపోయాడు. ఆమె అడగనూ లేదు. తిట్టలేదు, ఏడవలేదు. ఒలిచిన పల్లీలు గుప్పెడు తీసి అతని చేతిలో పోసింది.

మరుసటి వారం అతనే ఆమెను దవాఖానకు తీసుకుపోయాడు. చీము తగ్గింది గానీ వినికిడి రాలేదు. అప్పుడు రెండో పెట్టె మొదలుపెట్టాడు. తండాలో కరెంటు లేదు కనుక సావిత్రమ్మ పెట్టెలోని వాల్వులు పనికిరావు. బ్యాటరీ మీద నడిచే పాత రేడియోల్లో వేలెడంత వాల్వులు ఉండేవి. అవి వెతికి తెచ్చాడు. సావిత్రమ్మకు కుదిరిన కండెన్సర్లే ఇందులోనూ పెట్టి తండాకు తీసుకుపోయి తొడిగాడు. చాంద్రి ముఖం చిట్లించి, చెవిలో ముళ్లు గుచ్చినట్టుందని తీసి పారేసింది. ఆమె చెవుడు వేరు, సావిత్రమ్మ చెవుడు వేరు. మళ్లీ మొదటి నుంచి చూడాలి. మీటర్లు, సీసం కరిగించి తీగలకు టాంకా వేసే ఇనుము, విడిభాగాలన్నీ దుకాణంలోనే ఉన్నాయి. ఆమెను అక్కడికి తీసుకుపోక తప్పదు.

రెండు రోజులు ఆలోచించాడు. తల్లిని పిలవడానికి రెండు రోజులు ఆలోచించానన్న సంగతి అతన్ని ఆ తరువాత ఎన్నో ఏళ్లు కుదురుగా ఉండనీయలేదు.

మూడో రోజు ఆమెను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని బజారు నడుమ నుంచి తెచ్చాడు. దుకాణంలో వచ్చినవాళ్లు కూర్చునే కుర్చీలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తొడిగి, మైకులో తండా మాటలో మాట్లాడటం మొదలుపెట్టాడు. నీళ్లు అన్నాడు, మేక అన్నాడు, చనిపోయిన తండ్రి పేరు అన్నాడు. ఆమె వినపడ్డది చెబుతుంటే, వాల్వు మార్చి, కండెన్సరు తీసి మరొకటి టాంకా వేశాడు. కిరాణం సేటు వచ్చి వింతగా చూస్తూ నిలబడ్డాడు.

“మా అమ్మ,” అన్నాడు ధన్‌సింగ్. “మేం గీ పక్క తండా వాళ్లమే సేటూ.”

సేటు అట్లనా అన్నాడు. చేతిలోని తన రేడియోలో ముల్లు కదలడం లేదని చెప్పి, దాన్ని బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ధన్‌సింగ్ ముఖం సిగ్గుతో కాలిపోయింది. ఎవరైనా నవ్వుతారని, పని ఇవ్వడం మానేస్తారని ఇన్నేళ్లు భయపడ్డాడు. నవ్వి ఉంటే, ఆ రోజు తల్లిని వెళ్లగొట్టినందుకు ఒక కారణమైనా మిగిలేది.

నాలుగో రోజు ఒక వాల్వు కుదిరింది. చాంద్రి తలూపి, నీ గొంతు మీ నాయన గొంతులెక్కనే ఉన్నదని అంది.

ఆ రోజు మధ్యాహ్నం సావిత్రమ్మ, భర్త వచ్చారు. ఆమె పెట్టెలో తీగ ఒకటి ఊడింది. కుర్చీలో ఉన్న చాంద్రిని చూసి సావిత్రమ్మ గుర్తుపట్టింది. ధన్‌సింగ్ లేచి నిలబడి, ఆమెకు పెదవులు కనపడేలా చెప్పాడు.

“ఆ రోజు నేను అబద్ధం చెప్పిన, అమ్మగారూ. ఈమె మా అమ్మ.”

“తెలుసు,” అంది సావిత్రమ్మ. అతన్ని క్షమించినట్టు గానీ, మెచ్చుకున్నట్టు గానీ ముఖం పెట్టలేదు. చాంద్రి పక్కన స్టూలు మీద కూర్చుని, బల్ల మీది మైకు తీసుకుని, “మీ పేరేమిటమ్మా?” అని అడిగింది.

చాంద్రికి ఆ మాట స్పష్టంగా వినపడింది. ముఖమంతా వెలిగింది. పేరు చెప్పింది. తండా పేరు చెప్పింది. తరువాత అడగకుండానే, వచ్చీరాని తెలుగులో, “నేను ఈని తల్లిని,” అంది.

ధన్‌సింగ్ సావిత్రమ్మ పెట్టె తెరిచి, ఊడిన తీగ కోసం వెతుకుతున్నాడు. తీగ కళ్లముందే ఉంది. అయినా వాళ్లిద్దరూ మాట్లాడుకున్నంతసేపూ తల ఎత్తలేకపోయాడు.