ఇరవై మంచాల ఆఫ్రికా

నా వార్డులో ఇరవై మంచాలు. ఆఫ్రికా యాత్రలో ఇరవై రోజులు. ఈ రెండూ కలవడం దేవుడు చేసిన పనే అని నేనంటాను. ఇరవై మంచాల వార్డులు లోకంలో బోలెడున్నాయి ఆంటీ అంటుంది జెస్సీ. దానికేం తెలుసు, నిన్నగాక మొన్న భీమవరం నుంచి దిగిన నర్సు పిల్ల. నేను ఈ అరబ్బు దేశానికి, తబూక్‌లో ఈ ఆసుపత్రికి వచ్చి పంతొమ్మిదేళ్లు.

ఈ యాత్ర పిచ్చి నాకు అంటించింది తాండేకా. దక్షిణాఫ్రికా నర్సు, మా వార్డే. రెండు వేల ఆరు మే నెలలో ఆవిడ కాంట్రాక్టు అయిపోతోంది. "నాతోపాటు వచ్చి మా దేశం చూసిపో జ్యోతీ" అని ఒక రంగుల కాగితం నా చేతిలో పెట్టింది. కేప్‌టౌన్‌లో బయల్దేరి, నమీబియా, బోట్స్‌వానా దాటి, విక్టోరియా జలపాతం దగ్గర ఆగే యాత్ర. బస్సు కాదు, లారీ. వెనక సీట్లు బిగించి, కిటికీలు పెట్టి, కింది అరల్లో గుడారాలూ గ్యాస్ పొయ్యీ గిన్నెలూ సర్దిన లారీ. ఎవరి గుడారం వాళ్లే వేసుకోవాలి, ఎవరి కంచం వాళ్లే కడుక్కోవాలి. తుడవడానికి గుడ్డ కూడా ఇవ్వరట, కడిగిన కంచాన్ని గాలిలో ఊపి ఆరబెట్టాలట.

"ఇదేం యాత్ర తల్లీ, సెలవు పెట్టుకుని వెళ్లి అంట్లు తోముకోవడమా!" అన్నాను. అన్నానే గానీ ఆ సాయంత్రమే పేరు రాయించేశాను.

ఎందుకంటే, నేను తీసుకున్న సెలవులు తొమ్మిది. తొమ్మిదిసార్లూ నరసాపురమే. ఒక సెలవులో మా తమ్ముడు యిర్మీయా పెళ్లి, ఒక సెలవులో వాడి ఇంటి శ్లాబు. ఇంకో సెలవులో వాడి అత్తగారికి తుంటి విరిగితే నలభై రోజులూ ఆవిడ మంచం పక్కనే, అక్కడా నర్సునే. ఎవరినీ తప్పుపట్టడం లేదు, నేనే వెళ్లాను, నేనే చేశాను. కానీ యాభై రెండేళ్లొచ్చాయి. నాకోసం నేను ఇంతవరకూ ఎక్కడికీ వెళ్లలేదు. నాకు కావలసిందల్లా ఆ లారీలో కిటికీ పక్క సీటు, ఒక్కసారి.

పేరు రాయించినప్పటి నుంచి వార్డే నాకు దారైపోయింది. ఒకటో మంచం కేప్‌టౌన్. అక్కడి దుప్పటి సర్దుతుంటే కొండ మీద తెల్లటి మబ్బు పరుచుకునేది. నాలుగో మంచం దగ్గర ఆరెంజ్ నది దాటేదాన్ని. ఏడో మంచానికి చేరేసరికి నమీబియా ఎర్ర ఇసుక కొండలు. చేతిలో బీపీ మిషను ఉండేది, కాళ్ల కింద ఇసుక జారుతుండేది. పదకొండో మంచం ఎటోషా ఉప్పు మైదానం, ఏనుగులు వరసకట్టి నీళ్లకొచ్చే చోటు. పదహారు దగ్గర రెల్లు మధ్యలో పడవ. ఇరవయ్యో మంచం పక్కన గోడకి కుళాయి ఒకటి ఎప్పుడూ కారుతుండేది. అదే విక్టోరియా జలపాతం. బాగుచేయడానికొచ్చిన ప్లంబరును నేనే వెనక్కి పంపేశాను.

"ఆంటీ, ఏడో బెడ్డు ఆయన ఇందాకట్నించి పిలుస్తన్నాడు. మీరు కిటికీ వంక చూసి నవ్వుతారేంటి?" అని జెస్సీ భుజం కుదిపేది.

శుక్రవారాల్లో ఆసుపత్రి బస్సు మమ్మల్ని హిస్మా కొండల వైపు షికారు తీసుకెళ్లేది. అక్కడా ఎర్ర ఇసుకే. అందరూ బిర్యానీలు విప్పుకుంటుంటే తాండేకా, నేను గుడారం విప్పుకునేవాళ్లం. వేయడం, పీకడం, మళ్లీ వేయడం. తర్వాత కంచాలు కడిగి, ఇద్దరం ఎదురెదురుగా నిలబడి ఊపేవాళ్లం. ఆ ఎండలో, ఆ నిశ్శబ్దంలో, కంచం మీంచి ఒక్కో నీటిబొట్టూ ఎగిరిపోతుంటే నాకు వయసు తెలిసేది కాదు. బస్సు డ్రైవరు దణ్ణాలు పెట్టేవాడు, వీళ్లకి దయ్యం పట్టిందని.

పదకొండో మంచం మీద ఫాతిమా ఉండేది. ఎడారిలో మందలతో తిరిగే బదూల ముసలమ్మ, మేకవెంట్రుకల గుడారంలో పుట్టిన మనిషి. మూడు నెలలుగా మంచంలోనే ఉంది. నా యాత్ర గురించి చెబితే పళ్లులేని నోటితో నవ్వింది. "నా కొడుకులు గుడారం పీకేసి నాకు సిమెంటిల్లు కట్టారు. నువ్వు సిమెంటిల్లు వదిలేసి గుడారానికి పోతున్నావా?" అంది. అని ఊరుకోలేదు, ద్వారం గాలికి ఎదురుగా పెట్టకూడదని, మేకు బయటికి వంచి కొట్టాలని దుప్పటి అంచుతో నాకు పాఠం చెప్పింది.

ఇక చాంద్ బాషా. ప్రొద్దుటూరు మనిషి, ఆసుపత్రిలో మా పాస్‌పోర్టులూ వీసాల కాగితాలూ చూస్తాడు. ఈ దేశంలోంచి బయటికెళ్లాలంటే రెండు రకాల ముద్రలు. ఖురూజ్ ఔదా అంటే వెళ్లి తిరిగి రావడం. ఖురూజ్ నిహాయీ అంటే వెళ్లిపోవడమే, మళ్లీ ఈ ఉద్యోగం లేదు, ఈ గది లేదు. ఏప్రిల్లో నా పాస్‌పోర్టు, తాండేకా పాస్‌పోర్టు కలిపి రబ్బరు బ్యాండు వేసి అతనికిచ్చాను. ఆ రోజు పన్నెండు గంటల డ్యూటీ దిగి కాళ్లు పీకుతున్నాయి.

"ఆఫ్రికాకా అక్కా? ఖాయమేనా?" అన్నాడు.

"ఖాయమేనయ్యా."

"ఇంగోతూరి ఆలోచన చేసుకో. నిజంగా పోతాండావా?"

"వెళ్తన్నానయ్యా బాబూ, వెళ్తన్నా! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని కసిరి, అతను చూపించిన అరబ్బీ కాగితం మీద సంతకం గీకేసి వచ్చేశాను.

తాండేకా ముందు వెళ్లిపోయింది. వెళ్లేముందు నా రెండు చేతులూ పట్టుకుని "సాలా కాహ్లే" అంది. "మావాళ్ల దగ్గర సాలా అన్నావంటే పళ్లు రాలగొడతారే" అన్నాను. పడీపడీ నవ్వింది. అది వాళ్ల జూలూ మాట, వెళ్లేవాళ్లు ఉండేవాళ్లతో అంటారు, బాగా ఉండు అని. కేప్‌టౌన్‌లో లారీ దగ్గర కలుద్దామంది.

నా విమానం మంగళవారం. శనివారం పొద్దున చాంద్ బాషా పాస్‌పోర్టు తెచ్చిచ్చి, "నువ్వు లేకపోతే వార్డు బోసిపోతాది అక్కా" అన్నాడు. నెల్రోజులకే ఇంత దిగులేంటని ముద్ర చూస్తే నిహాయీ.

"ఇదేం పనయ్యా! నేను నిహాయీ అన్నానా నీతో?"

అతని ముఖం పాలిపోయింది. "అక్కా, ఇన్నేండ్లూ నువ్వు 'వెల్లొస్తా బాషా' అంటివి, నేను ఔదా రాస్తి. ఈతూరి 'వెల్తన్నా, వెల్తన్నా' అని అరిస్తివి. వచ్చేమాట ఒక్కపారి గూడా అనకపోతివి. ఆయమ్మది గూడా నిహాయీనే, ఇద్దరూ కల్సి ఎల్లబారుకుంటాండారనుకుంటి. ఏమనుకోవాకక్కా."

మన ఇళ్లలో గుమ్మం దాటేటప్పుడు వెళ్తానని ఎవరూ అనరు. చిన్నప్పుడు నేనలా అంటే మా నాయనమ్మ మూతి మీద కొట్టేది, వెళ్లొస్తానను అని. వీధి చివర కొట్టుకెళ్లినా వెళ్లొస్తానే. ఆ మాట అలవాటున్న మనిషి గనకే చాంద్ బాషా నా మాటను సరిగ్గా పట్టుకున్నాడు. ఇంకో దేశం గుమాస్తా అయితే ఈ పొరపాటే జరిగేది కాదు.

రద్దు చేయించవచ్చన్నాడు. కానీ పాస్‌పోర్టు పది రోజులు ఆఫీసులో ఉండాలి. లారీ ఎవరికోసమూ ఆగదు. రద్దు చేస్తే యాత్ర పోతుంది, యాత్రకెళ్తే ఉద్యోగం పోతుంది. "రేపు పొద్దున్నే చెప్పక్కా" అని పాపం దొంగలా వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం వార్డులో ఒకటో మంచం నుంచి నడిచాను. కొండ రాలేదు, నదీ రాలేదు. మంచాలు ఉత్త మంచాలే. భయమేసింది, నిజం చెబుతున్నాను. డ్యూటీ చీటీ లేకుండా పొద్దున లేచి ఏం చేయాలో నాకు తెలియదు. లారీ దిగాక యిర్మీయా మేడమీద గదిలో కూర్చుని ఎవరికి బీపీ చూడను? అలా నడుస్తూ పదకొండో మంచం దగ్గర కూలబడ్డాను. ఫాతిమాకి అంతా చెప్పాను.

"మేం గుడారం పీకితే, ఆ చోటికి మళ్లీ రావడం గడ్డి మొలిస్తేనే. నీకిక్కడ ఇంకా గడ్డి ఉందా?" అంది.

"లేదు" అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు. నోట్లోంచి ఊడిపడింది, ఆ రోజు చాంద్ బాషా ముందు ఊడిపడినట్టే. అప్పుడర్థమైంది. అతను నా మాట తప్పుగా వినలేదు. నేనే నా మాట వినిపించుకోలేదు. లేచి ఇరవయ్యో మంచం దాకా వెళ్లాను. కుళాయి కారుతూనే ఉంది. కళ్లు మూసుకుంటే తుంపర్లు ముఖం మీద పడ్డాయి.

ఆదివారం చాంద్ బాషాకి రద్దు వద్దని చెప్పాను. అతను ఏడ్చాడు, నేనే ఓదార్చాల్సి వచ్చింది. ఇక్కడి ఉద్యోగం అయిపోయిందని యిర్మీయాకి ఫోను చేశాను.

"వచ్చేత్తన్నావా అక్కా! ఎప్పుడు?"

"బయల్దేరుతున్నానురా. కాస్త చుట్టుదారి."

"బొంబాయి మీదగానా?"

"ఆఫ్రికా మీదుగా" అన్నాను.

మంగళవారం పొద్దున చాంద్ బాషా తనే బండి తెచ్చాడు. ఫాతిమా నిద్రలో ఉంది, దుప్పటి సర్ది వచ్చాను. జెస్సీ గేటు దాకా నా సంచి పట్టుకునే నడిచింది. బండెక్కాక కిటికీ పట్టుకుని వదలదు.

"ఆంటీ, వెళ్లొత్తానని అనండి. ఊరికేనన్నా అనండి. అలా ఏమీ అనకుండా వెళ్లకూడదు."

అనాలనే ఉంది. యాభై రెండేళ్ల అలవాటు, నాలుక చివరిదాకా వచ్చేసింది. ఏడుపూ వచ్చేసింది. దాని చెంప మీద చెయ్యి వేసి, "సాలా కాహ్లే" అన్నాను.

చాంద్ బాషా అదిరిపడి వెనక్కి తిరిగాడు. "ఆ బిడ్డను పట్టుకోని అంత మాటంటివేమక్కా!"

"తిట్టు కాదయ్యా. బాగా ఉండమని. వెళ్లేవాళ్లు అనే మాట."

"మల్లా వచ్చేమాట అందులో యాడుందక్కా?"

"లేదు" అన్నాను. "బండి పోనీ."