పాపాయి తరుగు

నేల మీద పల్లంరాజు యాభై ఆరు కిలోలు. బీమ్ పట్టుకుని వేలాడితే ఎంతో ఆ గోదారికే ఎరుక.

కొవ్వూరు ఒడ్డున ఆ బీమ్ కడ్డీ పాతించి, ఆర్మీ సెలక్షన్లకు కుర్రాళ్లను తయారుచేసే సత్యప్రసాద్ గారికి ఇదేమీ అంతుపట్టలేదు. "నీ ఒళ్లు నువ్వే పైకి లాక్కోవాలబ్బాయ్. ఒళ్లు తగ్గితే చేతులకి పని తగ్గుద్ది" అన్నారు. సరేనని పల్లంరాజు కడుపు మాడ్చుకున్నాడు. బుగ్గలు పీక్కుపోయాయి గానీ బీమ్ మాత్రం తేలిక కాలేదు. బొద్దుగా ఉన్న బుల్లిరాజు కూడా కడ్డీ మీదికి గడ్డం దాటిస్తుంటే, వీడు సగంలోనే జారిపోతున్నాడు. ఎల్లుండే సెలక్షను. వయసు ప్రకారం ఇదే ఆఖరుసారి. పోయిందంటే మళ్లీ వల, పడవ, ఆ నీళ్లు. ఆ నీళ్లంటేనే వాడికి చచ్చేంత భయం.

ఆ ఉదయం వాళ్లమ్మ పెద్దింట్లమ్మ చేపలమ్ముకుని వస్తుంటే, సత్యప్రసాద్ గారు ఆమె కొక్కెం కాటా తీసుకుని కడ్డీకి తగిలించారు. పల్లంరాజు దాన్ని పట్టుకుని వేలాడాడు. అరవై ఎనిమిది చూపించింది. కాటా పాడైందేమోనని ఆయనా వేలాడి చూశారు. ఆయన బరువు ఆయనకు సరిగ్గానే చూపించింది.

పెద్దింట్లమ్మ ఇసుకలో కూలబడిపోయింది.

"పన్నెండు కిలోలు ఎక్కువండి. మా పాపాయి అంతే ఉండేది."

పల్లంరాజుకు ఆ రోజు గుర్తొచ్చింది. చిన్నప్పుడు పడవ ఒరిగి తనూ పాపాయీ నీళ్లలో పడ్డారు. తను పడవ అంచు పట్టుకుని వేలాడాడు, మూడేళ్ల చెల్లెలు వెనకనుంచి తన నడుం పట్టుకుంది. ఇద్దరి బరువూ పైకి లాగలేకపోయాడు. ఆ చిన్న చేతులు జారిపోయాయి.

"ఇద్దరూ దక్కితే ఇద్దరి ఎత్తూ బెల్లం ఇస్తానని అమ్మవారికి మొక్కాను" అంది తల్లి. "దక్కింది నువ్వొక్కడివే. చేపలకి తీసినట్టే దాని బరువు తరుగు తీసేసి, నీ ఎత్తే ఇచ్చానురా."

"మరి ఇన్నాళ్లూ దాని బరువు నాకు తెలీలేదేంటమ్మా?"

"నేల మీదైతే దాని కాళ్ల మీద అదే నిలబడుద్ది. నీ కాళ్లు లేస్తే దానికి నువ్వే కదా ఆధారం." కొంగుతో ముఖం తుడుచుకుంది. "దాని ఎత్తు బెల్లం ఇప్పుడే ఇచ్చేస్తాను. వదిలేసి పోద్ది. నీకు తేలికైపోద్ది."

తేలికైపోతే ఉద్యోగం వచ్చినట్టే. పల్లంరాజుకు ఆశ పుట్టింది.

"వదిలేసి ఎక్కడికి పోద్దమ్మా?"

ఆమె గోదారి వైపు చూసింది.

పల్లంరాజు ఎగిరి కడ్డీ అందుకున్నాడు. కాళ్లు నేల వదలగానే బొడ్డు దగ్గర రెండు చల్లటి అరచేతులు ముడిపడ్డాయి. "గట్టిగా పట్టుకోవే" అని లాగాడు. ఎప్పుడూ ఆగిపోయే చోటు వచ్చింది. భుజాలు విరిగిపోతున్నట్టున్నాయి. ఏడుపొచ్చింది. అయినా లాగాడు. గడ్డం కడ్డీ దాటింది. తడి మోకాలొకటి వీపు మీద ఆని, భుజమెక్కి, అక్కడినుంచి ముందుకు ఒరిగింది. ఒళ్లంతా ఒక్కసారి తేలికైపోయింది.

కింద అమ్మ చేతులు చాచి నిలబడి ఉంది. ఆ ఖాళీ చేతులు బరువుకు కుంగాయి.

"ఎంత తడిసిపోయావే" అంది అమ్మ.