గడప పక్కన చెంబు

తెల్లారేసరికి రోజారాణికి ఒక పాఠం దొరకాలి. దొరికేది కూడా. చాటలో బియ్యం చెరుగుతుంటే పొట్టు ఎగిరి వాకిట్లో పడేది, ఆమెకు కళ్ళంలో గింజనూ పొట్టునూ వేరుచేసే దేవుడు కనిపించేవాడు. రాత్రి రుబ్బిన ఇడ్లీ పిండి పొద్దున్నకు గిన్నె దాటి పొంగితే, పులిసిన పిండితో పరలోకరాజ్యాన్ని పోల్చిన మాట గుర్తొచ్చేది. పప్పులో ఉప్పు మరిచిపోతే ఆ వారం ఉప్పు మీదే ప్రసంగం. శుక్రవారం మధ్యాహ్నం ఆమె ఇంట్లో ప్రార్థన కూటం. బాన్సువాడలో కాలువ దగ్గరి బస్తీ ఆడవాళ్ళు, తండా నుంచి నలుగురైదుగురు వచ్చి చాపల మీద కూర్చుని, ఈ వారం రోజక్కకు దేవుడు ఏ గిన్నెలో కనిపించాడో విని పోయేవాళ్ళు.

భర్త ముత్తెన్న ఆటో నడిపేవాడు. కూటానికి రాడు. "మా ఇంట్ల పప్పు మాడితే గూడ పాఠమే. తినెటోడే ఆగమైతుండు," అని స్టాండులో చెప్పి నవ్వించేవాడు.

ఆ ఇంటి గడప పక్కన ఒక ఇత్తడి చెంబు ఉండేది. అది అత్త భూమవ్వది. భూమవ్వ బతుకంతా నాట్లలో, కలుపుల్లో, చెరుకు తోటల్లో వంగి వంగి చివరికి నడుము ఎత్తకుండానే పోయింది. ఆ చెంబులో ఎవరూ నీళ్ళు పోసేవాళ్ళు కాదు. ఇంటికి ఎవరైనా బయలుదేరితే అదే నిండేది. పక్కింటి సుస్మిత గోడ మీదుగా చూసి, "అక్కా, చెంబు నిండింది, ఎసట్లో ఇంకో గ్లాసెడు బియ్యం పొయ్యి," అని చెప్పేది. కరెంటు బిల్లు ఇచ్చే మనిషి వచ్చే రోజు సగమే నిండేది, అతను గడప దాటడు కాబట్టి. బస్సులో వచ్చేవాళ్ళకు నీళ్ళు చల్లగా ఉండేవి. నడిచి వచ్చేవాళ్ళకు వెచ్చగా ఉండేవి. ఎంత దూరం నడిస్తే అంత వెచ్చన.

భూమవ్వ కోడలికి చెప్పిపోయింది ఒక్కటే. ముందు కాళ్ళకు నీళ్ళియ్యి, తర్వాత సంగతి అడుగు. కాళ్ళకు నీళ్ళిచ్చిన మనిషి ఇంటి మనిషి, ఆ మనిషిని మళ్ళీ బయటికి పొమ్మనరాదు. ఆ మాట భూమవ్వ పుట్టించింది కాదు. ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటిదీ అదే రివాజు.

దీపావళి వెళ్ళాక వచ్చిన శుక్రవారం, కూటానికి నిజామాబాద్ నుంచి పెద్దయ్యగారు వస్తున్నారని కబురొచ్చింది. సంఘంలో అందరికంటే పెద్దాయన, కారులో వస్తారు. రోజారాణి పొద్దున్నే ఇల్లంతా కడిగింది, బండలు రెండుసార్లు తుడిచింది. ఆ రోజుకు పాఠం కూడా పెద్దదే ఎంచుకుంది. ఎండవేళ గుడారం ముందు కూర్చున్న అబ్రాహాము, ముక్కూమొఖం తెలియని ముగ్గురు మనుషులను చూసి పరుగెత్తి వెళ్ళి, కాళ్ళు కడుక్కోమని నీళ్ళు తెప్పించిన కథ. మా అత్త చెంబునే చూపించి చెప్పాలి, పెద్దయ్యగారు మెచ్చుకుంటారు అనుకుంది.

చెంబు అప్పటికే నిండి ఉంది. తుడుద్దామని ఎత్తితే చేతికి వెచ్చగా తగిలింది.

కారులో వచ్చే మనిషికి వెచ్చని నీళ్ళెందుకు? ఆ మాట ఆమె మనసులోకి వచ్చింది. రాలేదనడానికి లేదు. ఎండకు వేడెక్కి ఉంటుందిలే అని తనకు తానే చెప్పుకుని చెంబు కింద పెట్టింది. చెంబు ఉండేది నీడలో. ఆ రోజు మబ్బు పట్టి ఉంది.

కాసేపటికి తండా నుంచి మంగ్లి వచ్చింది, కూతురు వనితను వెంటబెట్టుకుని. మంగ్లి కూటంలో ఎప్పుడూ తలుపు దగ్గర కూర్చునే మనిషి. రాత్రి వాన పడింది. కాలువ గట్టు వెంట నడిచి వచ్చారు, ఇద్దరికీ పిక్కల దాకా నల్లమట్టి.

మంగ్లి గడప బయటే నిలబడి సంగతి చెప్పింది. తనూ భర్త జేత్యా చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర పోతున్నారు, మళ్ళీ ఉగాదికే రావడం. తండాలో పిల్లను చూసుకునేవాళ్ళు లేరు. హాస్టల్లో సీటు దొరకలేదు. వెంట తీసుకుపోతే పదో తరగతి పోయినట్టే.

"అక్కా, నేనొచ్చేదాంక నీ ఇంట్ల ఉండనియ్యి. బియ్యం ఇచ్చిపోత. పని గూడ చేస్తది."

రోజారాణి వనిత కాళ్ళ వైపు చూసింది. తుడిచిన బండల వైపు చూసింది. వీధి మలుపు వైపు చూసింది, కారు వస్తోందేమోనని.

"రేపు రా చెల్లె, నిమ్మళంగ మాట్లాడుకుందాం. ఇయ్యాల పెద్దయ్యగారు వస్తుండ్రు."

"రేపు పొద్దుగాలనే పోతున్నమక్కా. పెద్ద కొడప్‌గల్ కాడికి లారీ వస్తది."

"గిప్పుడే తుడిచిన మంగ్లీ, ఇల్లంత."

మంగ్లి గడప పక్కన నిండుగా ఉన్న చెంబును చూసింది. ఆ చెంబు సంగతి ఆమెకూ తెలుసు. బిడ్డ భుజం మీద చెయ్యి వేసి వెనక్కి తిప్పింది.

తర్వాత కారు వచ్చింది. ఆడవాళ్ళందరూ చూస్తుండగా రోజారాణి చెంబెత్తి పెద్దయ్యగారి కాళ్ళ మీద నీళ్ళు పోసింది. చామాకు మీద జారినట్టు జారిపోయాయి నీళ్ళు. కాళ్ళు తడవలేదు. మళ్ళీ పోసింది, వేళ్ళ సందుల్లో దుమ్ము దుమ్ముగానే ఉంది. పెద్దయ్యగారు తన కాళ్ళు చూసుకుని, "ఇవి నా కోసం వచ్చిన నీళ్ళు కావమ్మా," అని పొడికాళ్ళతోనే లోపలికి నడిచారు. చెంబు మళ్ళీ నిండింది. ఇంకాస్త వేడిగా ఉంది.

కూటం మొదలైంది. రోజారాణి అబ్రాహాము కథ ఎత్తుకుంది. గుడారం వచ్చింది, ఎండ వచ్చింది, దూరాన ముగ్గురు మనుషులు వచ్చారు. "అబ్రాహాము వాళ్ళను చూసి..." అన్నది. పరుగెత్తాడు అనే మాట గొంతు దాటలేదు. తలుపు దగ్గర మంగ్లి కూర్చునే చోటు ఖాళీగా ఉంది. ఎవరో పాట ఎత్తుకుని ఆ గండం గట్టెక్కించారు. పెద్దయ్యగారు ప్రార్థన చేసి, టీ తాగి వెళ్ళిపోయారు. ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. అడిగితే బాగుండేదని ఆమెకు అనిపించింది.

సాయంత్రం ముత్తెన్న అన్నానికి కూర్చుని విషయమంతా విన్నాడు. స్టాండులో అప్పటికే విన్నాడు, అయినా విన్నాడు. చెయ్యి కడుక్కుంటూ అన్నాడు: "నీకు ఉప్పుల కనవడ్తడు దేవుడు, పిండిల కనవడ్తడు. గడప ముంగట మట్టికాళ్ళతోని నిలబడితే మాత్రం కనవడలే."

మర్నాడు పొద్దున్నే రోజారాణి చెంబు పట్టుకుని ఆటోలో కూర్చుంది. ముత్తెన్న బండి తీశాడు.

పెద్ద కొడప్‌గల్‌కు చేరేసరికి లారీ వెళ్ళిపోయింది. డోంగ్లి ఊరి నుంచి వచ్చే మనుషులను ఎక్కించుకోవడానికి మద్నూర్‌లో ఆగుతుందని హోటలాయన చెప్పాడు. హైవే మీద పెద్ద లారీల మధ్య ఆటో గతుకుల్లో ఎగిరెగిరి పడింది. ఒడిలో చెంబు నిండుగా ఉంది, ఒక్క చుక్క తొణకలేదు. తొణికినా బాగుండేది. చీర మీదుగా తొడలు కాలుతుంటే ఆమె చెంబును దించకుండా అలాగే పట్టుకుంది.

మద్నూర్‌లో లారీ దొరికింది. పైన గిన్నెలు, మూటలు, కోళ్ళగంప, మనుషులు. వాళ్ళ మధ్య వనిత, బడి సంచిలో పళ్ళాలు సర్దుకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మంగ్లి, జేత్యా కింద నిలబడి టీ తాగుతున్నారు.

రోజారాణి దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. మాటలు ఆమె సొత్తు. ఇప్పుడు ఒక్కటీ రాలేదు. లారీ పక్కన రోడ్డు మీదే మోకాళ్ళ మీద కూర్చుంది.

"దిగు బిడ్డా. కాళ్ళు చాపు."

వనిత తల్లి వైపు చూసింది. మంగ్లి టీ గ్లాసు కింద పెట్టలేదు.

"నిన్న నీ గడప కాడ నిలబడ్డం గదక్కా," అన్నది మంగ్లి, గొంతు పెంచకుండా. "నా బిడ్డ కాళ్ళ దిక్కు చూసినవ్. బండల దిక్కు చూసినవ్. బిడ్డ మొఖం దిక్కు ఒక్కపారి చూసినవా?"

రోజారాణి తల వంచుకునే, "చూడలే," అన్నది.

చెరుకు కొట్టే మనుషులను తీసుకుపోయే ముకద్దం డ్రైవర్‌తో హారన్ కొట్టించాడు. జేత్యా భార్య వైపు చూసి, నీళ్ళు ఎదురొస్తే కాదని పోవద్దని మెల్లగా అన్నాడు. మంగ్లి మిగిలిన టీ నిదానంగా తాగింది. గ్లాసు పెట్టింది. అప్పుడు వనితకు చెయ్యి అందించి దింపింది.

నీళ్ళు పోస్తే వనిత కాళ్ళు తడిశాయి. నిన్నటి నల్లమట్టి ఇంకా గోళ్ళ చుట్టూ ఉంది, అదంతా కరిగి రోడ్డు మీద పారింది. రోజారాణి కొంగుతో తుడిచింది. ముకద్దం పిల్లను ఎక్కించమని గద్దించడానికి వచ్చి, తడిసిన కాళ్ళు చూసి ఆగాడు. వాళ్ళ దిక్కూ అదే రివాజు. ఇగ ఆ పిల్ల వాళ్ళింటిదే అని మరాఠీలో గొణుక్కుని వెనక్కి పోయాడు.

రోజారాణి మంగ్లి కాళ్ళ వైపు చెంబు వంచింది. ఒక్క చుక్క రాలేదు. మంగ్లి కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"నాకెందుకక్కా. నేను పొయ్యేదాన్ని. ఒచ్చినంక చూద్దాం."

బడి సంచిలో నుంచి పళ్ళాలు తీసుకుని, సంచి బిడ్డకిచ్చి లారీ ఎక్కింది. రోజారాణి వైపు మళ్ళీ చూడలేదు.

వనిత లోపలి గదిలో చదువుకుంది. శుక్రవారం కూటాలు జరిగాయి. పొట్టు ఎగిరింది, పిండి పొంగింది, రోజారాణి మాత్రం పాఠం చెప్పలేదు. "నాకేం దొరకలే. మీకేమన్న దొరికితే చెప్పుండ్రి," అనేది. తలుపు దగ్గర కూర్చునే తండా ఆడవాళ్ళు మొదట సిగ్గుపడి, తర్వాత ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు. ఆ చలికాలమంతా చెంబు ఎవరికీ నిండలేదు. బంధువులు వచ్చినా నల్లా నీళ్ళే. ముత్తెన్న వెక్కిరించడం మానేశాడు, ఆమెకు అది వెక్కిరింపు కంటే ఎక్కువ తగిలింది.

వనిత చివరి పరీక్ష రాయడానికి వెళ్ళిన పొద్దున, రోజారాణి బండలు తుడుద్దామని బకెట్ తెచ్చింది. చెంబు నిండి ఉంది. ముట్టుకుంటే చెయ్యి కాలింది. ఎంత దూరం నుంచి నడక మొదలైందో!

తుడుపుగుడ్డ బకెట్లోనే వదిలేసి గడప మీద కూర్చుంది. "ఎవరొస్తుండ్రక్కా?" అని సుస్మిత గోడ మీదుగా అడిగింది. మంగ్లి వస్తే కాళ్ళు చాపుతుందో చాపదో రోజారాణికి తెలియదు. చాపకపోతే అనడానికి తనకు నోరు లేదు.

ఎండ పైకొచ్చాక కాలువ గట్టు మీద ఇద్దరు కనిపించారు, నెత్తిన మూటలు, తెల్లటి దుమ్ములో మోకాళ్ళ దాకా మునిగిన కాళ్ళు. రోజారాణి చెంబెత్తుకుని, చెప్పులు మరిచి, గట్టు వైపు పరుగెత్తింది. పరుగెత్తుతూ మంగ్లి ముఖం కోసం చూసింది.