వాలు తప్పిన మలుపు

పాల్వంచ థర్మల్ కాలనీలో జస్టిన్‌కు కార్ల పిచ్చోడని పేరు. కంట్రోల్ రూములో ఉద్యోగం. షిఫ్టు దిగితే మాత్రం తన పాత ప్రీమియర్ పద్మిని బానెట్ మీద వంగి ఉండేవాడు. కార్ల మీద, రోడ్ల మీద అతనికి గట్టి అభిప్రాయాలుండేవి. అడగనివాళ్లకు కూడా చెప్పేవాడు. క్లచ్ తొక్కనివాడు కారు నడిపినట్టు కాదు, కారే వాణ్ని మోసుకుపోయినట్టు అనేవాడు. రోడ్లు వేయించేవాళ్లు వెనక సీట్లో కునుకు తీస్తూ తిరుగుతారు కాబట్టే మన రోడ్లు ఇట్లా ఉన్నాయనేవాడు. మలుపులో రోడ్డు లోపలి వైపుకు వాలి ఉండాలి, అప్పుడే బండిని పట్టుకుంటుంది, బయటికి వాలితే విసిరేస్తుంది. ఈ సంగతి భార్య దీవెనకు డ్రైవింగ్ నేర్పిన మొదటి వారంలోనే చెప్పాడు.

దీవెన భద్రాచలంలో నర్సు. 2006 వానాకాలంలో ఒక ఉదయం పద్మినిలో డ్యూటీకి బయలుదేరింది. సారపాకకు ఇవతల, అడవిలో కొత్తగా వెడల్పు చేసిన మలుపులో కారు జారింది. రోడ్డు దిగి టేకుచెట్టుకు గుద్దుకుంది. పెడల్ కింద ఎడమకాలు నలిగిపోయింది. మోకాలి కిందికి తీసేశారు.

వేగం యాభై దాటలేదని ఆమె చెప్పింది. పోలీసులు ఎనభై అని రాసుకున్నారు. ఆ రోడ్డు వేసిన కాంట్రాక్టరు వెంకటరామారావు ప్రమాదం జరిగిన చోటికి వచ్చి, ఆడమనిషి చేతికి స్టీరింగ్ ఇస్తే ఇంతేనని నవ్వాడట. ఆ నవ్వు సంగతి జస్టిన్‌కు తెలిసింది. తర్వాత వాన పడ్డ రోజు అతను వెళ్లి ఆ మలుపులో నిలబడ్డాడు. గుట్ట వైపు నుంచి నీళ్లు తారు మీదుగా బయటి అంచుకు పారుతున్నాయి. ఆఫీసుల చుట్టూ తిరిగాడు. మీ ఆవిడకు బండి చేతికొచ్చి ఎన్నాళ్లయిందని అడిగారే తప్ప, వచ్చి ఆ నీళ్లను చూసినవాళ్లు లేరు. కొన్నాళ్లకు దీవెన కూడా తానే తొందరపడ్డానేమోనని అనడం మొదలుపెట్టింది. కాలు పోయినందుకంటే ఆ మాటకే జస్టిన్ ఎక్కువ రగిలిపోయాడు. వెంకటరామారావును ఏం చేయాలన్నదే అప్పటినుంచి అతని ధ్యాస.

రెండేళ్లకు వెంకటరామారావు పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ కారు కొన్నాడు. ఆ చుట్టుపక్కల అలాంటిది అదే మొదటిది. కాలనీ క్లబ్బు ముందు ఆపి అందరికీ చూపిస్తుంటే, బ్యాటరీ బొమ్మ అని కొందరు నవ్వారు. ఆయనకు పౌరుషం వచ్చింది. జస్టిన్ చేత మంచి మాట అనిపిస్తే అందరి నోళ్లూ మూతపడతాయనుకున్నాడు. జస్టిన్ ఎవరి భర్తో ఆయనకు గుర్తే లేదు.

హైబ్రిడ్ మీద జస్టిన్ అభిప్రాయం ఎప్పుడో ఖాయమైపోయింది. అది సిటీ బండి. సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపుకుని పెట్రోలు మిగులుస్తుంది. పాల్వంచ నుంచి భద్రాచలం దాకా ఒక్క సిగ్నల్ లేదు, ఇక్కడ అది మిగిల్చేదేమిటి? కానీ ఆ మాట అనలేదు. వాన రోజు, అడవి రోడ్డు మీద నడిపి చూస్తేనే చెప్పగలనన్నాడు. ఆయన సరేనన్నాడు.

అనుకున్నది ఇంటికొచ్చి దీవెనకు చెప్పాడు. ఆయనను పక్కన కూర్చోబెట్టి, యాభై మీద ఆ మలుపులోకి దూరుతాడు, రోడ్డు విసిరేయడమంటే ఏమిటో ఆయనకూ చూపిస్తాడు. దీవెన తానూ వస్తానంది.

ముసురు పట్టిన ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ బయలుదేరారు, జస్టిన్ స్టీరింగ్ పట్టుకున్నాడు. దీవెన చీర కుచ్చిళ్లు పెట్టుడు కాలిని కప్పేశాయి. వెనక సీట్లో కూర్చున్న ఆమెను వెంకటరామారావు అమ్మా అని పలకరించి, దారి పొడుగునా కారు గొప్పలు చెప్పాడు. అడవి మొదలయ్యాక దీవెన ఆపమంది.

"నేను నడుపుత. క్లచ్ లేదు గదా, ఒక్క కాలు చాలు," అంది.

ఇది జస్టిన్ అనుకున్నది కాదు. అయినా దిగి వెనక్కి వెళ్లాడు. ఒక్క కాలు అన్న మాటకు వెంకటరామారావు ఆమె పాదాల వైపు చూశాడు. ఆమె ఎవరో ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది.

కారు చప్పుడు లేకుండా కదిలింది. ముందు గుట్ట కనబడింది. ముల్లు యాభై మీద నిలిచింది.

"కొంచెం నెమ్మదమ్మా," అన్నాడాయన.

"ఎందుకు సార్? రోడ్డు మంచిగనే ఉంది గదా."

ఆయన డాష్‌బోర్డు పట్టుకున్నాడు. "ముందు మలుపుంది. తడి మీద జారుద్ది."

"గట్లెందుకు జారుతది? మీరేసిన రోడ్డేనాయె."

మలుపు మీదికి వచ్చేసింది. ఆమె కాలు కదలలేదు.

"వాలు బయటికి ఉంది! బ్రేకెయ్యి!"

అప్పుడు తొక్కింది. కారు తోక కొద్దిగా పక్కకు ఊగి, మట్టి అంచు మీద ఆగింది. దీవెన ఆయనను దిగమంది, తానూ దిగింది. ఎక్కడ వాలిందో చూపించమంది. వానలో నిలబడి ఆయన చూపించాడు. నీళ్లు ఆయన బూట్ల మీదుగా టేకుచెట్టు వైపు పారుతున్నాయి. గుట్ట వైపు బండరాయి తగిలిందని, దాన్ని తొలిచే ఓపిక లేక పైన తారు పోసి వదిలేశామని చెప్పాడు. ఎవరికీ ఏమీ కాదనుకున్నామన్నాడు.

"ఎప్పటి నుంచి ఎరుక మీకు?"

"వేసిన రోజు నుంచే."

దీవెన మొహం తుడుచుకుంది. "నేనే ఫాస్ట్ పోయిన్నని రెండేండ్లు ఏడ్చిన సార్," అంది. కారెక్కి తలుపు వేసుకుంది. జస్టిన్ ముందు సీట్లోకి మారాడు. ఆయన పరుగున వచ్చి అద్దం మీద కొడితే కొంచెం దించి, "బస్సొస్తది, ఎక్కండి," అని కారు తిప్పింది. అద్దంలో ఆయన తడుస్తూ చిన్నబోవడం జస్టిన్ కళ్లారా చూశాడు. అంత సంతోషం అతనికి ఎన్నడూ కలగలేదు. పక్కనున్న భార్యను చూస్తే మాత్రం కాస్త భయం వేసింది.

కారును పాల్వంచలో ఆయన ఇంటిముందు పెట్టి, తాళం పనిమనిషికిచ్చి వచ్చేశారు. ఆయన కేసు పెట్టలేదు. పెడితే ఎందుకు దింపారో చెప్పాలి. ఎండాకాలంలో ఆయన ఆ బండను పగలగొట్టించి, మలుపు మళ్లీ వేయించాడు. జస్టిన్ వెళ్లి సీసాతో నీళ్లు పోసి చూశాడు. లోపలికే పారాయి. ఆ సంగతి సంబరంగా చెబితే, "భయపడి చేసిండు. నా కోసం కాదు," అంది దీవెన. పోలీసుల కాగితంలో ఎనభై అలాగే ఉండిపోయింది. క్షమించమని పాస్టరుగారు చెప్పి చూశారు. ఇంకా కాదని జవాబిచ్చింది.

మరుసటి ఏడు వెంకటరామారావు తల్లిని ఆమె పనిచేసే దవాఖానాకే తీసుకొచ్చాడు. ముసలామె పాదానికి పుండు. డ్రెస్సింగ్ గదిలో ఉన్నది దీవెన. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. దీవెన ముసలామె పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, నొప్పి తెలియకుండా కబుర్లు చెబుతూ శుభ్రం చేసి కట్టు కట్టింది. ఎల్లుండి మళ్లీ రమ్మంది. ముసలామె ఆమె తల నిమిరి చల్లగా ఉండమని దీవించింది.

బయటికి వెళ్తూ ఆయన చేతులు జోడించాడు.

"అమ్మను మంచిగ చూస్త సార్," అంది దీవెన గొంతు తగ్గించి. "మీ సంగతి మర్చిపోయిననుకోకండి."