ఇరవై నాలుగు మీటర్లు తక్కువ

సోషల్ టీచరు పన్ను పీకించుకోవడానికి సెలవు పెట్టడంతో తొమ్మిదో తరగతి డ్రిల్లు మాస్టారి నెత్తిన పడింది. పొద్దున చట్టం పాఠం, మధ్యాహ్నం భూగోళం. పాతికేళ్లుగా ఈలతోనే కాలం వెళ్లదీసిన మనిషాయన. నల్లబల్ల ముందు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. నడుం మీద పెట్టుకుంటే పిల్లలు అలవాటు కొద్దీ లేచి వరుస కట్టారు.

"కూర్చోండి, కూర్చోండి. ఇది గ్రౌండు కాదు," అంటూ పుస్తకం తెరిచారు.

పాఠంలో రెండు ముక్కలు ఆయనకు తెగ నచ్చాయి. ఎవరి కేసులో వాళ్లే తీర్పు చెప్పుకోకూడదు. ఇవాళ పుట్టిన చట్టంతో నిన్నటి పనికి శిక్ష వేయకూడదు.

"ఆట కూడా అంతేరా! ఆడేవాడే ఈల ఊదుకుంటే అన్నీ గోల్సే. మ్యాచ్ అయిపోయాక రూలు మార్చి, నిన్నటి గోలు చెల్లదంటే ఊరుకుంటారా?"

"ఊరుకోం సార్!" అని క్లాసు దద్దరిల్లింది. మొదటి బెంచీలో లాయరమ్మ ఆ రెండు ముక్కల కిందా ఎర్రసిరాతో గీత కొట్టుకుంది. గాలితోనైనా వాదన పెట్టుకునే పిల్ల కాబట్టి క్లాసు ఆమెకు ఆ పేరు పెట్టింది.

మధ్యాహ్నం పటాలూ స్కేలూ. నాలుగు గోడల మధ్య మాస్టారికి ఊపిరాడక అందర్నీ గ్రౌండుకి తోలుకుపోయి, చేతికి టేపిచ్చారు.

"సెంటీమీటరుకు పది మీటర్ల లెక్కన గ్రౌండంతా గీయండి. ట్రాక్ మాత్రం కొలవక్కర్లేదు. నాలుగు వందలు. కళ్లు మూసుకుని రాసేయండి."

"కొలవకుండా ఎలా రాస్తాం సార్?" అంది లాయరమ్మ.

"సరే తల్లీ, కొలిచే రాయి."

మూడు వందల డెబ్బై ఆరు వచ్చింది. టేపు వంకరగా పట్టారని గదిమారు మాస్టారు. మళ్లీ కొలిస్తే మళ్లీ అంతే. మూడోసారి తానే మోకాళ్ల మీద పాకుతూ, చెమటలు కక్కుతూ చుట్టంతా కొలిచారు. టేపుకు ఆయన సర్వీసు మీద ఏమాత్రం గౌరవం లేదు. ఏటా పాత గీత మీదే సున్నం పోయడం తప్ప, దాని పొడవెంతని ఇన్నేళ్లలో ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

"మరి వరండాలో బోర్డు మీద రికార్డో?" అన్నారు ఎవరో.

మాస్టారు గబగబా టేపు చుట్టేశారు. నాలుగు వందల మీటర్ల రికార్డు హెడ్‌మిస్ట్రెస్‌ది. ఇదే బడిలో చదివేటప్పుడు, ముప్పై ఏళ్ల కిందట కొట్టింది. ఆ కథ వినకుండా ఏ ప్రార్థనా ముగియదు.

"ఈ మాట గ్రౌండు దాటితే తోలు తీస్తాను," అన్నారు గొంతు తగ్గించి.

"ఏ మాట మాస్టారూ?"

మాస్టారు పాకుతుంటే కిటికీలోంచి చూసి, ఏదో జరిగిందని కంగారుగా వచ్చిన హెడ్‌మిస్ట్రెస్ వెనకే నిలబడి ఉంది.

"ఏం లేదు మేడమ్. ట్రాక్ కాస్త... కుంచించుకుపోయింది."

లాయరమ్మ అంకెతో సహా చెప్పేసింది. హెడ్‌మిస్ట్రెస్ మొహం గంటు పెట్టుకుంది. "ట్రాక్ ఎంతైతేనేం? రికార్డు రికార్డే. నేను చెబుతున్నాను!"

"మీ కేసులో మీరు తీర్పు చెప్పుకోకూడదు మేడమ్. సార్ పొద్దున్నే చెప్పారు."

మాస్టారు ఆకాశంలో మబ్బులు లెక్కపెట్టసాగారు.

చేసేదిలేక మేడమ్ మెట్ల మీద కూర్చుంది. రికార్డు ఉండాలా పోవాలా అని పిల్లలు అరగంట కొట్టుకు చచ్చారు. చివరికి లాయరమ్మే లేచి చెప్పింది. "ఆ రోజు చూపించిన గీత మీదే మేడమ్ పరిగెత్తారు. కొలత తప్పయితే ఆమె తప్పు కాదు. రికార్డు ఉంటుంది. బోర్డు మీద అంకె మాత్రం మూడు వందల డెబ్బై ఆరు అని మారాలి."

మేడమ్ మెల్లగా నవ్వింది. "నిజం చెప్పనా? ఆ రోజు గీత దాటగానే కళ్లు తిరిగి పడిపోయాను. ఇంకో ఇరవై నాలుగు మీటర్లుంటే చేరేదాన్నే కాదు." ఆ మాట ఆమె ఏ ప్రార్థనలోనూ చెప్పలేదు. "అవునుగానీ మాస్టారూ, మూడు వందల డెబ్బై ఆరు మీటర్లు ప్రపంచంలో ఇంకెవరైనా పరిగెత్తుతారా?"

"ఎవరూ పరిగెత్తరు మేడమ్."

"అయితే నన్ను కొట్టేవాళ్లు లేరన్నమాట," అని హుషారుగా లేచింది.

ఆఖరి గంట కొట్టినా పిల్లలు కదల్లేదు. ట్రాక్‌ని నాలుగు వందలు చేయడానికి మాస్టారు సున్నం బకెట్టుతో మలుపు దగ్గర గీతను బయటికి జరుపుకుంటూ పోతే, సరిగ్గా మేడమ్ స్కూటరు అడ్డొచ్చింది. ఆవిడ తాళం తీసి, దాన్ని తానే గోడ దగ్గరికి నెట్టుకుపోయింది.