గురువిరామము

మేఘములు తమ మూటలు దులుపుకొని వెడలిపోగా తోమిన కంచుపళ్లెమువలె తళతళలాడు నాకాశము క్రింద నాగావళీనది తన యెఱ్ఱనీటిని తేర్చుకొనుచు ఇసుకతిన్నెల నొకటొకటిగా వెలికి దీయుచుండ గట్టువెంబడి రెల్లుపూవులు చామరములై వీచుచుండ శరదృతువో శారదకు సొంతమగు ఋతువో తెలియరాని యా నవరాత్రములలో మూలానక్షత్రమునాడు పనసపురి సంస్థానమునందలి శారదామండపము అపరాహ్ణమునకే క్రిక్కిఱిసి యుండెను. ఆ యూర పనస రెండు చందములుగా మేలు చేయును. పండి తొనలకు నోళ్లూరించును. ఎండి వీణయై తంత్రులకు చెవులూరించును.

మండపమధ్యమున ఆస్థానవైణికుడు అచ్యుతయ్య కూర్చుండి యుండెను. అఱువదియేండ్లు దాటిన యా విద్వాంసుడు పేరునకు దగినట్లు స్వరమున గాని తాళమున గాని ఎన్నడును చ్యుతుడు కాడని ప్రతీతి. మాటలను తిరగేసి మఱగేసి శ్లేషలాడుటయందును అంతటివాడే. గురువైన మృత్యుంజయశాస్త్రి కట్టి నేర్పిన ముఖారీవర్ణ మాయనకు పెట్టనికోట. అందు మూడవ చరణస్వరమున పాట శిఖరము నెక్కబోవు తఱి ఆయన యెడమచేయి తటాలున వీణమెట్లపైనుండి లేచి ఱెప్పపాటు గాలిలో నిలిచి మరల వ్రాలును. ఆ ఱెప్పపాటు నిశ్శబ్దమునకు రసికులు గురువిరామమని పేరిడిరి. అది జీవుడు దేవుని జేరుటకు ముందు పొందు నివ్వెఱపాటని పండితులు వ్యాఖ్యానించిరి. రాజుగారు మెచ్చి బంగారుకడియము తొడిగిరి. వాయించిన పాటకంటె వాయింపని పాటకే యెక్కువ బహుమాన మందిన వైణికుడు ఆయన యొక్కడే కావచ్చును.

ఆ విరామమును గడచి పోయినది యొకతెయే. ఆమె వీణలు చెక్కు లింగాచారి కూతురు పైడితల్లి. తండ్రి పనసమానిని తొలిచి వీణకు కుండ చేయుచుండగా ప్రక్కన గూర్చుండి మైనముపై మెట్లు నిలిపి మ్రోయించి చూచుటయే ఆటగా పెరిగిన పిల్ల. అచ్యుతయ్యకడ జేరి తక్కినవారు పదియేండ్లకు నేర్వలేనిది మూడేండ్లలో నేర్చెను. ఏలయన ఆమెకు పాఠమనిన పండుగ. తప్పు వచ్చినచో తానే నవ్వుకొని తానే దిద్దుకొనును. పదునేడవయేట నొకనాడు వర్ణము వాయించుచు ఆ తావున చేయెత్తక యేటినీరువలె సాగిపోయెను.

“ఆగవేమే?” అని గురువు గద్దించెను.

“ఆగుదారనే అనుకున్నానండి అయ్యగారూ. పాటే ఆగనంది!” అని పిల్ల పకపక నవ్వెను.

తోడిశిష్యులును నవ్విరి. అచ్యుతయ్యకు ఒడలెల్ల మండెను. ఆ కోపమునకు కారణ మాయనకే తెలియదు. ఆ కోపమున కడుగున నున్న భయమైతే ఉన్నదనియే తెలియదు.

“చెక్కేవాళ్ల పిల్లవి. చెక్కకేం తెలుసే చిక్కటి పాట? పో, పోయి కొయ్యలు దొలుచుకో!”

మాట కుదిరినందుకు శిష్యులు మరల నవ్విరి. ఈ తడవ పైడితల్లి నవ్వలేదు. వీణను గోడకానించి కన్నుల నొత్తుకొనుచు వెడలిపోయెను. అది మొదలు పండ్రెండేండ్లుగా తండ్రి కొట్టున మెట్లు నిలుపుచు స్వరము సరిచూచుట కొక్కొక్క తంత్రి మీటునేగాని పాట యొక్కటియు వాయించి యెఱుగదు. అట్టి పైడిని మట్టిపాలు చేసితినేమో యని అచ్యుతయ్యకు అప్పుడప్పుడు తోచుచుండెడిది. సంప్రదాయమును కాపాడితినని మనసునకు సర్దిచెప్పుకొనెడివాడు.

ఆ మూలానక్షత్రమునాడు ఆయన శిష్యులు పండ్రెండుగురు వరుసదీరి ముఖారీవర్ణమును ఎత్తుకొనిరి. మెట్టు జాఱినచో సరిచేయుటకై మైనపుడబ్బాతో పైడితల్లి స్తంభముప్రక్క నిలిచి యుండెను. మూడవ స్వరమున పండ్రెండు చేతులు మడినుండి యొక్కసారి లేచిన కొంగలవలె పైకి లేచి నిలిచి వ్రాలెను. సభ “ఆహా” యని మ్రోగెను.

ఆ మ్రోత యణగకమునుపే ఆడువారి వరుసనుండి యొక వృద్ధురాలు చేతికఱ్ఱ నూతగొని లేచెను. ఆమె మృత్యుంజయశాస్త్రి కూతురు కామేశమ్మ. అత్తవారియూరు బరంపురమునుండి యాబదియేండ్లకు పుట్టినూరు చూడవచ్చినది.

“ఒరే అచ్యుతం! ఆ చెయ్యి ఇంకా తప్పించుకుంటున్నావట్రా? పైగా ఈ పిల్లలకీ నేర్పావా?”

“తప్పించుకోడం కాదక్కా. గురువిరామం. మీ నాన్నగారి సంప్రదాయం.”

“సంప్రదాయం ఏటిరా, నా మొహం! మా నాన్న ఏనాడూ అక్కడ ఆగలేదు. తొమ్మిదేళ్ల వెధవ్వి, అక్కడ నీకు వేలు తప్పేది. ఆయన పేంబెత్తం లేపేవాడు. దెబ్బ పడకముందే చెయ్యి లాక్కునేవాడివి. అయినా పడేది. వంటింట్లో కూచోబెట్టి కణుపులకి ఆముదం రాసింది నేను కాదూ? తరవాత వేలు కుదిరింది. చెయ్యే కుదర్లేదు.”

అచ్యుతయ్య తన యెడమచేతి కణుపులవంక చూచుకొనెను. బెత్తమును బుద్ధి మఱచెను, చేయి మఱవలేదు. భయము పాఠముతో గూడ లోపలికి వచ్చి పాఠమువలె వేషము వేసికొని గౌరవము లందుకొని గర్వమై తుదకు కోపమై నవ్వుచు నేర్చు నొక పిల్లను వాకిలి దాటించినదని ఆయనకు ఒక్కపెట్టున బోధపడెను.

ఆయన లేచి సభకు చేతులు జోడించెను. “అయ్యలారా, అమ్మలారా! మా అక్క చెప్పింది నిజం. మీరు ఇన్నేళ్లుగా ఆహా అన్నది విద్యకి కాదు. దెబ్బకి జడిసిన ఓ కుర్రవాడి చేతికి. నాకే తెలియక మీకు అది కళ అని చెప్పాను. ఈ పిల్లలకి నేర్పాను. దాన్ని ఒప్పుకోని పిల్లని తరిమేశాను.” అని స్తంభమువైపు తిరిగి, “అమ్మా పైడితల్లీ, పాట ఆగనందన్నావు. నువ్వన్నదే నిజం. ఒక్కసారి వాయించమ్మా,” అనెను.

“ఈ చేతికి మైనమే గుర్తండి అయ్యగారూ. తప్పొస్తేనో?”

“తప్పొస్తే నవ్వు తల్లీ. నేనూ నవ్వుతాను.”

ఆమె కొంగున చేతులు తుడుచుకొని కూర్చుండెను. మొదట వ్రేళ్లతో మెట్లను తడవి చూచెను. పిదప నొక్కొక్క స్వరమే తన దారి తాను గుర్తుపట్టి వచ్చెను. వాన వెలిసిన పిమ్మట నీరు తేరినట్లు పాట తేరి పొంగి పాఱెను. కామేశమ్మ కనులు మూసికొని తలయూపెను. అచ్యుతయ్య ముందునకు వంగి మూడవ స్వరమునకై దప్పిగొన్నవానివలె ఎదురుచూచెను.

ఆ తావు వచ్చెను. పైడితల్లి యెడమచేయి మెట్లపైనుండి లేచెను.

గాలిలో నిలిచిన ఆ చేతి వెనుకనుండి ఆమె కన్నులు వీణవంక గాక గురువు పెదవులవంక, అచ్చటినుండి యే మాట వచ్చి పడునో యని చూచుచుండెను. ఱెప్పపాటు గడచి చేయి వ్రాలెను. బెత్తము ఆ సభలో నెచ్చటను లేదు.

“ఇదీ మీ గురువుగారిదేనా?” అని గద్దెమీదనుండి రాజుగారు మెల్లగా నడిగిరి.

“కాదు ప్రభూ,” అని అచ్యుతయ్య కడియమును ఊడదీసి నేల నుంచెను. “ఇది నాది.”

సభలో నెవ్వరును ఆహా యనలేదు.